ముసురు పట్టకముందే టెక్స్చర్ పెయింటింగ్ వాళ్ళు చూసుకోవాల్సినవి

జూన్ వచ్చేసింది. ఇక ముసురు పట్టిందంటే సెప్టెంబర్ దాకా తడి గాలే, కోస్తా వాళ్ళకైతే తుపాన్లు కూడా కలుపుకుని నవంబర్ దాకా. పల్చగా అక్రిలిక్ వేసేవాళ్ళకి పెద్ద ఇబ్బందేం లేదు, రంగు ఎలాగోలా ఆరిపోద్ది. పేస్టు, ఇసుక, గోనెగుడ్డ, పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అంటూ ఎత్తుగా కట్టే మనలాంటోళ్ళకి మాత్రం ఇదే డేంజర్ సీజన్. ఎందుకంటే మందం పెరిగేకొద్దీ లోపల నీళ్ళు ఎక్కువ, అవి బయటికి పోవాలంటే గాలి పొడిగా ఉండాలి, ఇప్పుడు లేనిదే అది. పైపొర గట్టిపడి ఆరినట్టే కనిపిస్తది, లోపల పచ్చిగానే ఉంటది, మనమేమో దాని మీద రంగేసి వార్నిష్ కూడా కొట్టేస్తాం, ఇక పగుళ్ళు, బూజు, పొర ఊడిరావడం అన్నీ ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి.

అందుకని ఒకేసారి సెంటీమీటర్ ఎత్తు కట్టేద్దాం అనే ఆశ ఈ నాలుగు నెలలు పక్కన పెట్టండి. 2, 3 మిల్లీమీటర్ల పొర వేసి, అది పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఎండాకాలంలో ఒక్కరోజులో ఆరేది ఇప్పుడు రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఆరిందా లేదా అన్నది కంటికి తెలీదు, అరచెయ్యి కాకుండా చేతి వెనక భాగాన్ని పొర మీద ఆనించి చూడండి, పక్కనున్న ఖాళీ బోర్డు కంటే చల్లగా తగిలితే నీళ్ళు ఇంకా ఆవిరవుతున్నట్టే. హెయిర్ డ్రయర్ దగ్గరగా పెట్టి ఊదొద్దు, పైచర్మం ముందు బిగుసుకుపోయి అక్కడే చీలుద్ది. బల్ల మీద పడుకోబెట్టి దూరంగా ఫ్యాన్ తిప్పితే చాలు.

ఇంట్లో కలుపుకునే పేస్టులో సుద్దపొడి ఎక్కువైతే ఆరాక పొడిపొడిగా రాలుద్ది. మామూలు ఫెవికాల్ ఎక్కువైతే ఇంకో గొడవ, అది తడి గాలికి మళ్ళీ మెత్తబడుద్ది. వానాకాలానికి అక్రిలిక్ మీడియం (రంగు కలపని అక్రిలిక్ జిగురు) కలుపుకోవడమే మంచిది, ఖర్చు కొంచెం ఎక్కువే అయినా. గోడలకేసే వైట్ సిమెంట్ పుట్టీ మాత్రం కాన్వాస్ మీద వేయకండి, సాగే గుడ్డ మీద సాగని సరుకు నిలబడదు.

అసలు బరువైన పనికి కాన్వాసే వద్దంటాను నేను. తేమ మారినప్పుడల్లా గుడ్డ వదులవుద్ది, బిగుసుద్ది, దాని మీద రాయిలాంటి పొర ఎలా ఉంటది చెప్పండి. ఇటలీ ఆర్టిస్ట్ అల్బెర్తో బుర్రి 1970ల్లో జింక్ వైట్‌లో జిగురు కలిపి మందంగా పరిచి, ఆరేటప్పుడు కావాలనే పగలనిచ్చాడు, అంత పగుళ్ళ మోజున్నాయన కూడా అవి ఎక్కువగా ఫైబర్ బోర్డు మీదే చేశాడు. మనకి వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ బెస్టు. ప్రైమర్ ముందువైపే కొట్టి ఊరుకోవద్దు, వెనకా అంచులూ కూడా కొట్టాలి, లేకపోతే ఒకవైపే తేమ పీల్చి వంకర పోద్ది. ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసే బోర్డు) అయితే అంచులు ఉబ్బుతాయి, ఇంకా జాగ్రత్త.

ఇసుక దగ్గర వైజాగ్, కాకినాడ వాళ్ళకి ఒక మాట. బీచ్ ఇసుక ఫ్రీగా దొరుకుద్ది, అందంగానూ ఉంటది, కానీ అందులో ఉప్పు తేమని లాగుద్ది, తర్వాత తెల్లగా పూత కట్టి పైకొస్తది. నాలుగైదు నీళ్ళు మార్చి కడిగి, పాత పెనం మీద వేడిచేసి వాడండి, అంత ఓపిక లేకపోతే ఏటి ఇసుకే తెచ్చుకోండి.

బియ్యం, పప్పులు, రవ్వ అతికించే ఐడియాలు వీడియోల్లో చూడటానికి బానే ఉంటాయి గానీ వానాకాలంలో పురుగులకి విందు పెట్టినట్టే. మైదా జిగురూ అంతే. గోనెగుడ్డ, కొబ్బరి పీచు, ఎండుటాకులు వాడొచ్చు, బాగా ఎండబెట్టి రెండువైపులా మీడియం పట్టించాకే అతికించండి. గుడ్డు పెంకులకి లోపలుండే పొర తీసేయాలి, అదుంటే కంపు. మేకులు, ఇనప తీగలు తడి పేస్టులో పెడితే తుప్పు మరక పైదాకా వచ్చేస్తది, అదే ఎఫెక్టు కావాలంటే ఓకే, వద్దంటే ముందు వార్నిష్ కొట్టుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది బొమ్మ గురించి, మన ఒంటి సంగతి కూడా ఉంది. వాన కొడుతోందని కిటికీలన్నీ మూసేసి లోపల సాండ్‌పేపర్ కొట్టేవాళ్ళు బోలెడు మంది, ఇసుక కలిసిన పేస్టు దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. ఎన్-95 మాస్క్ పెట్టుకుని, కొంచెం తడిపి రుద్దండి, దుమ్ముని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పీవోపీ నీళ్ళు తగలగానే వేడెక్కుద్ది, మందంగా కలిపిన దాంట్లో చెయ్యి ముంచి ఉంచితే కాలే ప్రమాదం ఉంది, పిల్లల చేతి అచ్చులు తీస్తామని వాళ్ళ చేతుల్ని అస్సలు ముంచనివ్వద్దు. మిగిలింది సింక్‌లో పోశారంటే పైపులోనే గడ్డకట్టుద్ది, కాగితంలో వేసి గట్టిపడ్డాక చెత్తలో పడేయండి. పీవోపీ బస్తా పెద్దది కొనొద్దు కూడా, మూత తీసి పెడితే గాల్లో తేమకే పాడై సరిగ్గా సెట్టవ్వదు.

వార్నిష్, ఎపాక్సీ రెజిన్ (బొమ్మ మీద పోస్తే అద్దంలా గట్టిపడేది) పనులు మాత్రం వీలైతే ఈ వారంలోనే కానిచ్చేయండి. తేమ ఎక్కువున్న రోజు పోస్తే రెజిన్ మసకేస్తది, లేదంటే పైన జిడ్డు పొర తేలుద్ది, స్ప్రే వార్నిష్ కూడా తెల్లగా పాలిపోద్ది. గాల్లో తేమ ఎంతుందో చూపే చిన్న మీటర్ గోడకి తగిలించుకుంటే 80 శాతం దాటిన రోజు వేరే పని చూసుకోవచ్చు. రెజిన్‌కి గ్లౌజులు తప్పనిసరి, చర్మానికి ఎలర్జీ వచ్చిందంటే మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటది.

అయిపోయిన బొమ్మల్ని ఒకదానికొకటి ఆనించి పెట్టకండి, అక్రిలిక్ కొంచెం జిగటగానే ఉంటది, విడదీసేటప్పుడు ఎత్తున్న చోటల్లా ఊడొస్తది. చెమ్మ పట్టే గోడకి తగిలించొద్దు, తప్పదంటే వెనక కింది మూలల్లో బిరడా ముక్కలు అంటించి గాలి ఆడనివ్వండి. బబుల్ రాప్ నేరుగా రంగు మీద చుడితే గుండ్రటి అచ్చులు పడిపోతాయి, అందుకే పార్శిల్ పంపేటప్పుడు బొమ్మ ముఖానికి ఏదీ తగలకుండా లోతైన అట్టపెట్టెలో మూలలు బిగించి పంపండి. జులై, ఆగస్టు ఆర్డర్లు ఒప్పుకుంటుంటే డెలివరీ డేటు మామూలు కంటే రెండు వారాలు ఎక్కువే చెప్పండి.