కొరియన్ సీరియల్ వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: మా అమ్మా, మన అమ్మా?

గత మూడు పాఠాలలో కొరియన్ అచ్చులను, హల్లులను, వాక్యం చివరికి క్రియ వచ్చి కూర్చునే తీరును చూశాము. ఈ పాఠం నుండి పని పూర్తిగా చెవిదే. సబ్‌టైటిళ్ల మీద నుండి చూపు తీసి, తెర మీది మనుషులు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటున్నారో వినడం, ఆ పిలుపు మారిన క్షణాన్ని పట్టుకోవడం ఇందులో నేర్చుకుంటాము. కొరియన్ కుటుంబ కథలలో గొడవ మాటల కంటే ముందు పిలుపులోనే మొదలవుతుంది కనుక, ఈ ఒక్క నేర్పు చేతికొస్తే పదజాలం కొద్దిగానే తెలిసినా సన్నివేశం ఎటు పోతున్నదో అందుతుంది.

దీనికి నేను ఎంచుకున్న సీరియల్ ‘దసొత్ సోన్‌కరాక్’, అంటే ‘ఐదు వేళ్ళు’. దక్షిణ కొరియాలోని ఎస్‌బీఎస్ ఛానెల్ దీనిని 2012 ఆగస్టు నుండి నవంబరు వరకు శని, ఆదివారాలలో 30 భాగాలుగా ప్రసారం చేసింది. రచన కిమ్ సూన్‌ఓక్. ఈమె 2020లో వచ్చిన ‘పెంట్‌హౌస్’ రచయిత్రి కూడా. అందులోనూ సంగీతం నేర్చే పిల్లలు, వారి కోసం దేనికైనా తెగించే తల్లులు ఉంటారు. ‘ఐదు వేళ్ళు’ కథ క్లుప్తంగా ఇది: పియానోలు తయారుచేసే సంపన్న కుటుంబంలోకి, ఆ ఇంటి యజమాని బయటి సంబంధం వల్ల పుట్టినవాడన్న పేరుతో జిహో అనే బాలుడు వస్తాడు. ఇంటి ఇల్లాలు యొంగ్‌రాంగ్ ఒకప్పుడు పియానో కళాకారిణి, పెళ్ళి తరువాత ఆ జీవితాన్ని వదులుకున్న మనిషి. ఆమె కొడుకు ఇన్హా కూడా పియానో వాయిస్తాడు. వచ్చిన పిల్లవాడికి పుట్టుకతో వచ్చిన స్వరజ్ఞానం ఉన్నదని తేలిన నాటి నుండి ఆ ఇంట్లో పియానో ఒక వాద్యంగా మిగలదు, వారసత్వానికి కొలత అవుతుంది. పెద్దవాళ్ళయిన జిహోగా జూ జీహూన్, ఇన్హాగా జీ ఛాంగ్‌వూక్, తల్లిగా ఛే షిరా నటించారు. తరువాతి మలుపులను చూడబోయేవారి కోసం ఇక్కడ చెప్పడం లేదు. మన పాఠానికి ఈ మాత్రం చాలు.

ముందుగా ఒక మాట. ఈ పాఠంలో వచ్చే కొరియన్ వాక్యాలు ఆ సీరియల్ నుండి ఎత్తి రాసినవి కావు, సాధన కోసం నేను కూర్చినవి. పెదవులను గుండ్రంగా తిప్పకుండా, ‘అ’కూ ‘ఒ’కూ నడుమ పలికే అచ్చును మొదటి పాఠంలో అనుకున్నట్లు ‘ఒ’తోనే రాస్తున్నాను, పెదవులు గుండ్రంగా తిరిగే అచ్చును ‘ఓ’తో రాస్తున్నాను.

అన్నదమ్ములతో మొదలుపెడదాం. తమ్ముడు అన్నను ‘హ్యొంగ్’ అంటాడు. అదే అన్నను చెల్లెలు పిలిస్తే ‘ఓప్పా’ అవుతుంది. అక్కను తమ్ముడు ‘నూనా’ అంటాడు, చెల్లెలు ‘ఒన్ని’ అంటుంది. పిలిచేవారు ఆడో మగో అన్నదాన్ని బట్టి పదం మారడం మనకు వింతగా తోచవచ్చు కానీ, మన వరసలలోనూ ఇది లేకపోలేదు: అన్న కొడుకు మగవాడికి కొడుకు వరస, అదే ఆడమనిషికి మేనల్లుడు. చిన్నవారికి మాత్రం కొరియన్‌లో తమ్ముడైనా చెల్లెలైనా ‘దోంగ్‌సెంగ్’ అనే ఒక్క మాటే ఉంది, అదీ పిలుపు కాదు, చెప్పడానికి మాత్రమే. చిన్నవారిని పేరుతోనే పిలుస్తారు. పేరు అచ్చుతో ముగిస్తే చివర ‘యా’, హల్లుతో ముగిస్తే ‘ఆ’ చేరుతుంది: ‘ఇన్హా’ను పిలిస్తే ‘ఇన్హాయా’, ‘జీహూన్’ను పిలిస్తే ‘జీహూనా’. రాముడిని ‘రామా’ అని పిలిచే చెవికి ఇది పట్టుబడడానికి ఒక్క పూట చాలు.

ఇక్కడ నియమం ఒక్కటే, దానికి సడలింపు లేదు. చిన్నవాడు పెద్దవాడిని పేరుతో పిలవడు. కనుక ఒక తమ్ముడు అన్నను ‘హ్యొంగ్’ అనడం మాని, ఇంటిపేరుతో కలిపి ‘యు జిహో!’ అన్నాడంటే, ఆ వాక్యంలో మిగతా మాటలు ఏవీ తెలియకపోయినా బంధం తెగిందని రాసుకోవచ్చు. అదే పూర్తి పేరు తల్లి నోట వస్తే అర్థం వేరు. అది పిల్లవాడికి పడబోయే చీవాట్లకు గుర్తు. ఒకే శబ్దం ఎవరి నోట వచ్చిందన్నది చూడకుండా కొరియన్‌లో అర్థం చెప్పలేము.

మర్యాద సంగతి కూడా ఇక్కడే చూడాలి. ‘వా’ అంటే ‘రా’. ‘వాయో’ అంటే దాదాపు ‘రండి’. ‘ఓసెయో’ అంటే ఇంకా మర్యాద కలిపిన ‘దయచేయండి’. మన ‘అండి’ లాగే కొరియన్ ‘యో’ కూడా వాక్యం చివర చేరుతుంది కాబట్టి తెలుగువారి చెవి అక్కడ నిలవడం అలవాటైన పనే. అయితే తమ్ముడు ‘హ్యొంగ్, వా’ అన్నాడని అవమానించాడనుకోరాదు. చాలా తెలుగు ఇళ్ళలో ‘అన్నా, నువ్వు రా’ అన్నట్లే అదీ చనువు. అందుకే ప్రమాదం ఎదురు దిక్కున పొంచి ఉంటుంది. నిన్నటి దాకా ‘వా’ అన్నవాడు ఈ రోజు ‘వాయో’ అన్నా, అంతకంటే బిగుసుకుని ‘-సుమ్నిదా’తో ముగించినా, అది గౌరవం కాదు, దూరం. నేను మొదట్లో దీనిని గమనించక, ఒక సన్నివేశంలో అన్నదమ్ములు రాజీపడ్డారనుకుని సంతోషించాను. వారు నిజానికి ఆ క్షణంలోనే పరాయివాళ్ళయ్యారు. చెవి ‘యో’ను వింటే సరిపోదు, అంతకు ముందు అది ఉన్నదా లేదా అన్నది గుర్తుంచుకోవాలి.

మన ‘మీరు’ లాంటి మాట కొరియన్ నిత్య సంభాషణలో లేదన్నది తెలుగువారు మరచిపోయే విషయం. ‘నొ’ అంటే ‘నువ్వు’. ‘దాంగ్‌షిన్’ అన్న మాటను నిఘంటువులో చూసి ‘మీరు’ అనుకుంటారు కానీ, అది ప్రధానంగా భార్యాభర్తల మధ్య, లేదా కొత్తవారు కయ్యానికి దిగినప్పుడు వినబడుతుంది. పెద్దవారిని సర్వనామంతో కాక వారి వరసతోనో హోదాతోనో పిలుస్తారు. సంస్థ అధినేతను ‘హ్వెజాంగ్‌నిమ్’, యజమాని భార్యను ‘సామోనిమ్’, గురువును ‘సొన్‌సెంగ్‌నిమ్’ అంటారు. ఈ ‘నిమ్’ మన ‘గారు’ చేసే పనే చేస్తుంది. సంపన్నుల ఇళ్ళలో నడిచే కథలలో ఈ మూడూ ప్రతి భాగంలోనూ వస్తాయి, వాటంతట అవే అలవాటవుతాయి. భర్తను గానీ భార్యను గానీ పిలిచే ‘యొబో’ను మన ‘ఏమండీ’ పక్కన పెట్టుకోండి, ఒకటే తేడా: అది ఇద్దరూ వాడుకునే మాట.

ఇప్పుడు తల్లి. చిన్నపిల్లలు ‘ఒమ్మా’ అంటారు, ఎదిగినవారు, అందులోనూ మర్యాదలు పట్టించుకునే ఇళ్ళలో, ‘ఒమొని’ అంటారు. తండ్రి ‘అప్పా’, ‘అబొజి’. ఈ ‘ఒమ్మా’, ‘అప్పా’ వినగానే మన దక్షిణాది భాషలతో చుట్టరికం కలపాలన్న ఉత్సాహం ఎవరికైనా కలుగుతుంది. కొరియాలో పనిచేసిన హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్, ద్రావిడ భాషల వ్యాకరణాలను పోల్చి ఒక గ్రంథం రాశాడు. నేటి భాషాశాస్త్రవేత్తలు ఆ బంధుత్వాన్ని అంగీకరించరు. పసిపిల్లల నోట మొదట పలికే పెదవి శబ్దాలు చాలా భాషలలో ఇలాగే ఉంటాయి. చుట్టరికం లేకపోయినా గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది కాబట్టి ఆ పోలికను వదులుకోనక్కరలేదు.

సవతి కొడుకు ఇంట్లోకి వచ్చిన కథలలో ఈ పిలుపు ఒక నిచ్చెన. మొదటి మెట్టు ‘అజుమ్మా’, అంటే పరాయి ఆడమనిషిని పిలిచే ‘అమ్మగారూ, ఆంటీ’ వంటి మాట. రెండవ మెట్టు ‘ఒమొని’. అన్నింటికంటే పై మెట్టు ‘ఒమ్మా’. పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో, ఆ మెట్టు ఎక్కడానికి ఆమె అనుమతి ఇచ్చిందో లేదో విని తెలుసుకోవచ్చు. ఈ వాక్యాన్ని పైకి చదవండి: ‘ఒమొనిరాగో బురుజి మా.’ అంటే ‘అమ్మా అని పిలవకు’. ఇందులో చివరి ‘-జి మా’ను పట్టుకోండి. అది మన ‘వద్దు’. ‘కాజి మా’ అంటే వెళ్ళవద్దు. ‘ఉల్జి మా’ అంటే ఏడవవద్దు. ‘పియానో ఛిజి మా’ అంటే పియానో వాయించవద్దు.

ఆ ‘ఛిదా’ అనే క్రియ దగ్గర కాసేపు ఆగాలి. దానికి అసలు అర్థం కొట్టడం. పియానోకూ అదే, డోలుకూ అదే. చప్పట్లు కొట్టడాన్ని కూడా కొరియన్లు ‘పాక్‌సు ఛిదా’ అనే అంటారు. వయొలిన్‌కు మాత్రం కమాను రాయడాన్ని చెప్పే ‘క్యొదా’, పిల్లనగ్రోవికి ఊదడాన్ని చెప్పే ‘బుల్దా’, వారి పన్నెండు తీగల కాయగుమ్‌కు మీటడాన్ని చెప్పే ‘తాదా’. వీణ మీటడం, వేణువు ఊదడం, డప్పు కొట్టడం అనే మనకు ఇది కొత్త కాదు. కానీ మనం పియానోను ‘వాయిస్తాం’, వారు ‘కొడతారు’. సంగీత నేపథ్యంలో వచ్చే సీరియళ్లకు ఇంకొన్ని మాటలు చాలు: ‘యొన్‌జు’ వాదనం, ‘యొన్‌జుహ్వె’ కచేరీ, ‘అక్‌పో’ స్వరలిపి, ‘జాక్‌కోక్’ స్వరకల్పన, ‘ఛొన్‌జే’ పుట్టుమేధావి. పోటీని ‘కోంగ్‌కూరు’ అంటారు. అది ఫ్రెంచి నుండి వచ్చిన మాట. ఒకరి రచనను మరొకరు కాజేయడం ‘ప్యోజొల్’. ఈ చివరి మాట వినబడగానే తెర మీద ఎవరి ముఖం వైపు కెమెరా తిరుగుతుందో చూడండి.

ఇక ఈ పాఠానికి ప్రాణమైన మాట: ‘ఉరీ’. పాఠ్యపుస్తకాలు దీనికి ‘మనం, మేము’ అని అర్థం చెబుతాయి. కొరియన్లు ‘నా అమ్మ’ అనరు, ‘ఉరీ ఒమ్మా’ అంటారు. ‘నా భర్త’ అనరు, ‘ఉరీ నామ్‌ప్యొన్’ అంటారు. దీనిని ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు చాలా తికమకపడతారు, భర్తను పదిమంది పంచుకున్నట్లు వినిపిస్తుందని. మనకు ఏ చిక్కూ లేదు. తోబుట్టువులు లేనివాడు కూడా ‘మా అమ్మ’ అనే అంటాడు, భార్య ‘మా ఆయన’ అనే అంటుంది. ఇంత దగ్గరి పోలిక ఉన్నందుకే తెలుగువారు ‘ఉరీ’ వినగానే ‘మా’ అని రాసుకుని ముందుకు సాగిపోతారు. తప్పు అక్కడే జరుగుతుంది.

తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మా’లో ఎదుటి మనిషి లేడు, ‘మన’లో ఉన్నాడు. కొరియన్‌లో ఆ గీత లేదు. రెంటికీ ‘ఉరీ’ ఒక్కటే. మామూలు కథలో ఇది పెద్ద విషయం కాదు. కానీ ఒకే కప్పు కింద పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు, ఒకరు ఆమె కడుపున పుట్టినవాడు, మరొకరు బయటి నుండి వచ్చినవాడుగా లోకం ఎరిగినవాడు, ఎదురెదురుగా నిలబడి ‘ఉరీ ఒమ్మా’ అన్నప్పుడు, ఆ మాట తలుపు తెరుస్తున్నదా మూస్తున్నదా అన్నది పదం చెప్పదు. గొంతు చెప్పాలి, చూపు చెప్పాలి, అంతకు ముందు జరిగినదంతా చెప్పాలి. ‘మన అమ్మ’ అంటే జిహో ఆ ఇంటి కొడుకు. ‘మా అమ్మ’ అంటే జిహో అతిథి, అదీ ఎవరూ పిలవని అతిథి. కొరియన్ రచయిత్రి ఆ సందిగ్ధాన్ని అలాగే ఉంచగలదు. తెలుగులోకి మార్చేవాడికి ఆ అవకాశం లేదు. కలం పెట్టిన క్షణంలో పక్షం తీసుకోక తప్పదు. ఈ కారణంగానే నేను ఇలాంటి కథలను తెలుగు డబ్బింగులో చూసే ముందు ఒకసారి మూలంలో వినమని అందరినీ బతిమాలుతుంటాను.

ఒక తమ్ముడు ‘ఉరీ’ని కూడా వదిలేసి ‘నే ఒమ్మా’, అంటే ‘నా అమ్మ’ అన్నాడంటే, అది కొరియన్ చెవికి గట్టిగా తగులుతుంది. బొమ్మ కోసం కొట్లాడుకునే పసివాళ్ళ భాష అది. పెద్దవాడి నోట వస్తే వాడి లోపల ఇంకా పెరగని పిల్లవాడు మాట్లాడుతున్నాడన్నమాట.

సీరియల్ పేరు దగ్గరకు వద్దాం. ‘దసొత్’ ఐదు, ‘సోన్’ చేయి, ‘కరాక్’ సన్నగా పొడుగ్గా ఉండేది. కాలివేలు ‘బల్‌కరాక్’, చెంచా ‘సుత్‌కరాక్’, తినే పుల్లలు ‘జొత్‌కరాక్’. అదే శబ్దంతో ‘కరాక్’ అనే వేరే పదం కూడా ఉంది, దానికి అర్థం రాగపు నడక, లయ. కొరియన్లకు వేళ్ళ గురించి ఒక సామెత ఉంది: ‘యొల్ సోన్‌కరాక్ కెమురొ అన్ అపున్ సోన్‌కరాక్ ఒప్తా.’ పది వేళ్ళలో ఏది కొరికినా నొప్పి పుట్టని వేలు లేదు అని. బిడ్డలందరూ తల్లిదండ్రులకు సమానమే అన్నప్పుడు వాడతారు. మనమేమో ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవంటాము. ఇద్దరు కొడుకుల కథకు ఈ పేరు పెట్టడం విన్న కొరియన్ ప్రేక్షకుడి మనసులో మొదట ఆ కొరికిన వేళ్ళు మెదలకుండా ఉండవని నా నమ్మకం.

ఈ వారం సాధన రెండు విడతలు. మొదటిది: ఏ కొరియన్ కుటుంబ సీరియల్‌లోనైనా ఇద్దరు తోబుట్టువులు మాట్లాడుకునే ఐదు నిమిషాల ఘట్టాన్ని ఎంచుకుని, తెరను కప్పి, ధ్వని మాత్రమే రెండుసార్లు వినండి. ఎవరు ఎవరిని ఏమని పిలిచారో ఒక వరుసలో, వాక్యాలు ‘యో’తో ముగిశాయో లేదో దాని కింద రాసుకోండి. ఎక్కడైనా పిలుపు గానీ ముగింపు గానీ మారితే అక్కడ గీత గీసి, ఆ తరువాతే తెర తెరిచి చూడండి.

రెండవది ఒక్క వాక్యం: ‘ఉరీ ఒమ్మానున్ పియానో అన్ ఛొ.’ ఇందులో ‘నున్’ వాక్యం దేని గురించో చూపే ప్రత్యయం, ‘అన్’ వ్యతిరేకార్థం, ‘ఛొ’ మనం చూసిన ‘ఛిదా’ రూపమే. దీనిని తెలుగులో రెండుసార్లు రాయండి, ఒకసారి ‘మా అమ్మ పియానో వాయించదు’ అని, ఒకసారి ‘మన అమ్మ పియానో వాయించదు’ అని. ఒక్కొక్క దాని కింద ఆ మాట ఇద్దరు కొడుకులలో ఎవరు అంటున్నారో, ఆ సమయంలో తల్లి ఆ గదిలో ఉన్నదో లేదో రాయండి.