డిప్రెషన్‌కో యాంగ్జైటీకో మందులు వాడుతున్నారా? ఎవరికి చెప్పాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చుకోవడం ఎలా?

మూడేళ్ల కిందట డాక్టర్ నాకు ఎస్కిటాలోప్రామ్ రాసిచ్చినప్పుడు వేసుకోవడం కష్టమనిపించలేదు గానీ ఆ స్ట్రిప్ ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద తలనొప్పి అయింది. కొన్నాళ్లు కందిపప్పు డబ్బా వెనక, కొన్నాళ్లు హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పులో, చివరికి మహా తెలివిగా మాత్రలన్నీ చించి ఖాళీ బీకాంప్లెక్స్ సీసాలో పోసేశాను. ఓ రోజు పొద్దున్నే మా అత్తగారు "నీరసంగా ఉందమ్మా, నీ బలం బిళ్ల ఒకటి వేసుకుంటున్నా" అంటూ ఆ సీసా మూత తీస్తున్నారు. ఆవిడ చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. అప్పటిదాకా మా ఆయనకు కూడా తెలీదు. ఆ రాత్రే చెప్పాను, ఎంతో ఆలోచించి తీసుకున్న నిర్ణయమేం కాదు, ఇంక దాచలేక చెప్పడం.

మీరలా ఇరుక్కోకుండా ముందే కూర్చుని తేల్చుకోండి. మందులు మాత్రం వేరే సీసాలోకి మార్చొద్దు, ఇంట్లో పిల్లలుంటే అస్సలు వద్దు. స్ట్రిప్ స్ట్రిప్‌లాగే, పేరు కనిపించేలా, అందని చోట ఉండాలి. రేపు మీరు కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న "ఏం మందులు వాడతారు" అనే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసం, ఈ లెక్కలు అన్నీ పక్కన పెట్టేయండి. దగ్గర్లో ఎవరుంటే వాళ్లకి చెప్పండి, నోరు పెగలకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

1. ఒక్కో మనిషి గురించి రెండు ప్రశ్నలు వేసుకోండి

ఈ మనిషికి తెలియకపోతే నాకు ప్రమాదం ఉందా? ఇది మొదటిది. ఈ మనిషికి తెలిస్తే ఇంకెవరెవరికి తెలుస్తుంది? ఇది రెండోది. మన ఇళ్లలో రెండోదే అసలు ప్రశ్న, ఎందుకంటే మనం ఒక మనిషికి చెబుతున్నాం అనుకుంటాం గానీ నిజానికి ఆ మనిషి వెనకున్న వరసంతటికీ చెబుతున్నట్టు: అమ్మకు చెబితే పిన్నికి, పిన్ని నుంచి మేనత్తకు, అక్కడి నుంచి పెళ్లిళ్ల పేరయ్యకు. అమ్మ చెడ్డదని కాదు, ఆవిడకూ బరువు దించుకోవడానికి ఒక చెల్లెలు కావాలి కదా.

తొందరేమీ లేదు. ఈ రోజు చెప్పనిది వచ్చే నెల చెప్పుకోవచ్చు, ఈ రోజు చెప్పేసింది వచ్చే నెల వెనక్కి తీసుకోలేరు.

2. డాక్టర్లకు చెప్పాల్సిందే, ఇందులో బేరం లేదు

పంటి డాక్టరైనా, మోకాలు నొప్పికి వెళ్లిన ఎముకల డాక్టరైనా, ఊళ్లో ఇంజెక్షన్ చేసే ఆర్‌ఎంపీ అయినా సరే. ముఖ్యంగా ఆర్‌ఎంపీకి, ఎందుకంటే ఆయన అడగడు. డిప్రెషన్‌కి, యాంగ్జైటీకి ఎక్కువగా రాసే ఎస్కిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సిటిన్ లాంటివి వాడుతుండగా నొప్పికి ట్రమడాల్ ఇస్తే ఒంట్లో సెరటోనిన్ (మెదడు, నరాలు వాడుకునే ఒక రసాయనం) మోతాదు మించిపోయి వణుకు, జ్వరం, గుండెదడ దాకా పోవచ్చు. లైనెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌తోనూ అదే తంటా. కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌తోనూ జాగ్రత్త. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఆందోళనకీ నిద్రకీ ఇచ్చే క్లోనజెపామ్, ఆల్‌ప్రజోలం లాంటివి వాడుతుంటే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్‌కి తప్పకుండా తెలియాలి. వాటి మీద మద్యం తాగితే ఊపిరికే ప్రమాదం, ఆ సంగతి మీ ఫ్రెండ్స్ గ్యాంగ్‌కి కారణం చెప్పకపోయినా "నేను తాగడం లేదు" అన్నంత వరకు చెప్పండి.

పిల్లల కోసం అనుకుంటున్నవాళ్లు గైనకాలజిస్ట్‌కి ముందే చెప్పాలి. ప్రెగ్నెన్సీ అని తెలియగానే భయపడి మాత్రలు చెత్తబుట్టలో పడేసేవాళ్లు చాలామంది, అలా ఒక్కసారిగా ఆపడం తల్లికి మంచిది కాదు. మార్చాలా, తగ్గించాలా, కొనసాగించాలా అన్నది ఇద్దరు డాక్టర్లూ కలిసి చూసుకుంటారు.

ఇక్కడ మనకో ఇబ్బంది ఉంది. మన ఓపీల్లో డాక్టర్ బల్ల ముందు మీరు కూర్చుంటే మీ వెనకే ఇంకో ముగ్గురు టోకెన్లు పట్టుకుని నిలబడి ఉంటారు, వాళ్లలో ఒకరు మీ వీధివాళ్లే అయి ఉంటారు. అందుకే నేను మందుల పేర్లు, డోసు ఒక చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకుంటాను. "ఇవి కూడా వాడుతున్నానండీ" అని చీటీ జరిపితే చాలు. ఫోన్‌లో ఫొటో అయినా సరే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ జబ్బు, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత చూసే డాక్టర్ల మీద ఉంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

మెడికల్ షాపు సంగతి మర్చిపోయాను. ఆల్‌ప్రజోలం లాంటివి కొంటే షాపువాళ్లు మీ పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసుకోవాలన్నది రూలు, అనుమానించి కాదు. కానీ ఆ షాపాయన మీ నాన్నగారితో రోజూ వాకింగ్‌కి వెళ్లే మనిషైతే రెండు వీధులవతల షాపులో కొనుక్కోవడంలో తప్పేం లేదు.

3. ఇంట్లో ఒక్కరు, ఒక్కరే చాలు, కానీ ఒక్కరు ఉండాలి

మందు మొదలుపెట్టిన మొదటి రెండు మూడు వారాలు కొందరికి వికారం, నిద్ర తేడా, కాలూ చెయ్యీ ఆగని అలజడి ఉంటాయి. ఫలితం మాత్రం రెండు వారాల నుంచి ఆరు వారాల మధ్య నెమ్మదిగా తెలుస్తుంది. అంటే ముందు ఇబ్బంది, తర్వాత హాయి. ఈ మధ్యకాలంలో మిమ్మల్ని గమనించే మనిషి ఒకరు కావాలి. పాతికేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు కొందరికి పెరగొచ్చని డాక్టర్లే హెచ్చరిస్తారు, కాబట్టి హాస్టల్లో ఉన్నవాళ్లు అమ్మానాన్నలకు చెప్పకపోయినా రూమ్మేట్‌కైనా చెప్పి తీరాలి.

ఎవర్ని ఎంచుకోవాలి? బాగా ప్రేమించేవాళ్లనా? నా ఉద్దేశంలో కాదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి మిమ్మల్ని ప్రాణంగా ప్రేమించినా పనికిరారు. దీనికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది: ఆ మనిషి మీ దగ్గర వేరేవాళ్ల గుట్టు ఎప్పుడైనా విప్పారా? "ఎవరితో అనకు గానీ" అని మొదలుపెట్టి పక్కింటి అమ్మాయి అబార్షన్ గురించో, బావగారి అప్పుల గురించో చెప్పారా? అయితే మీ మాట కూడా అలాగే, అదే "ఎవరితో అనకు గానీ"తోనే బయటికి వెళుతుంది. గుట్టు తెలిసీ ఇన్నేళ్లుగా నోరు విప్పని మనిషి మీ చుట్టూ ఒకరుంటారు, తోడికోడలో, మేనమామో, ఆఫీసులో పక్క సీటు ఆవిడో. వాళ్లు గొప్పగా ఓదార్చకపోయినా పర్లేదు.

"నాకూ అంతేనే, నీ టాబ్లెట్ ఒకటివ్వు" అనే ఫ్రెండ్‌కి మాత్రం పేరు కూడా చెప్పకండి. డాక్టర్ నంబర్ ఇవ్వండి.

4. చెప్పేటప్పుడు మీ కోరికతో మొదలుపెట్టండి

జబ్బు పేరుతో మొదలుపెడితే ఎదుటివాళ్లు కంగారుపడి సలహాల్లోకి దిగుతారు. నీకేం తక్కువైందని, ధ్యానం చెయ్యమని, వాటికి అలవాటు పడిపోతావని, మా వైపు ఒకాయన తాయెత్తు కడతాడని. మా ఆయనకు నేను చెప్పిన తీరు అచ్చంగా ఎలా చెప్పకూడదో అలా ఉంది, ఏడుస్తూ, అర్ధరాత్రి, సీసా గొడవ తర్వాత. పది రోజులాగి అమ్మకు ఫోన్‌లో చెప్పినప్పుడు కాస్త నేర్చుకున్నాను:

"అమ్మా, ఓ మాట చెబుతా, మధ్యలో ఆపకు. నాలుగు నెలలుగా నిద్ర పట్టట్లేదు, ఊరికే గుండె దడ. డాక్టర్‌కి చూపించుకున్నా, టాబ్లెట్ రాశారు. తగ్గాక కూడా ఇంకో ఆరు నెలలైనా వాడాలన్నారు. ఇప్పుడు కాస్త నయంగానే ఉంది. నువ్వేం చెయ్యక్కర్లేదు, పిన్నికి మాత్రం చెప్పకు."

పేరు పెట్టి చెప్పాలి, "పిన్నికి చెప్పకు" అని. "ఎవరికీ చెప్పకు" అంటే ఆ ఎవరిలో సొంత చెల్లెలు లెక్కలోకి రాదు. అమ్మ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అంటే ఎర్రగడ్డ మందులా?" అంది. హైదరాబాద్ వైపు ఎర్రగడ్డ, విశాఖ వైపు చినవాల్తేరు, ఆ ఆసుపత్రులు ఎంతమందిని బాగుచేశాయో గానీ ఊరి పేరే తిట్టయి కూర్చుంది. కోపం తెచ్చుకోకండి, ఆవిడకు తెలిసిన పదం అదొక్కటే. "బీపీ మాత్ర లాంటిదే, అది గుండెకి, ఇది నిద్రకి, భయానికి" అంటే మా అమ్మకు సరిపోయింది.

5. పెళ్లి సంబంధం కుదిరే ముందు

చెల్లి పెళ్లి కావాలి కాబట్టి నువ్వు నోరెత్తకు అన్న ఇళ్లు నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో, కాఫీ కప్పుల మధ్య, పెద్దలందరి ముందూ చెప్పాల్సిన పని లేదు, అది నిజం. కానీ ఇద్దరూ సరే అనుకున్నాక, నిశ్చితార్థానికి ముందే, ఆ అబ్బాయికో అమ్మాయికో మీరే, విడిగా, నేరుగా చెప్పండి, మధ్యవర్తి చేత వద్దు. మాత్ర వేసుకున్నంత మాత్రాన పెళ్లికి పనికిరారని ఏ చట్టమూ అనదు. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, భార్యకు మానసిక జబ్బు ఉందన్న ఒక్క కారణంతో విడాకులు ఇవ్వలేమని సుప్రీంకోర్టు తేల్చింది. కానీ దాచడం వేరే సంగతి. ముఖ్యమైన విషయంలో మోసం చేసి పెళ్లికి ఒప్పించారంటూ పెళ్లి రద్దు చేయమని అడగడానికి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో దారి ఉంది, కోర్టు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ గొడవలో నలిగేది మీరే. పైగా ఒకే గదిలో ఉంటూ రోజూ మాత్ర ఎన్నాళ్లు దాస్తారు? నా సీసా కథ చదివారు కదా.

అవతలివాళ్లు కాదంటే బాధే. పెళ్లయ్యాక అనిపించుకునేకంటే ఇప్పుడే నయం.

6. ఆఫీసులో జబ్బు కాదు, అవసరం చెప్పండి

మేనేజర్‌కి మీ డయాగ్నోసిస్ అక్కర్లేదు. "ట్రీట్‌మెంట్ నడుస్తోంది, నెల రోజులు నైట్ షిఫ్ట్ వద్దని డాక్టర్ అన్నారు" అంటే పని జరుగుతుంది. సెలవుకి సర్టిఫికెట్ కావాలంటే "చికిత్సలో ఉన్నారు, విశ్రాంతి అవసరం" అని మాత్రమే రాయమని డాక్టర్‌ని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. లెటర్‌హెడ్ మీద సైకియాట్రిస్ట్ అని ఉంటుంది కదా అంటారా, ఉంటుంది, అందుకే దాన్ని టీమ్ గ్రూపులో కాకుండా హెచ్ఆర్‌కి మాత్రమే మెయిల్ చేయండి. పైలట్లు, యంత్రాల మీద పనిచేసేవాళ్లు, రాత్రిపూట బండ్లు నడిపేవాళ్ల సంగతి వేరు, మగతగా ఉండే మందులైతే అక్కడ దాచడం మీకూ ఇతరులకూ ప్రాణం మీదికి తెస్తుంది.

7. ఫారాల్లో అబద్ధం రాయకండి

ఇన్సూరెన్స్ ఏజెంట్ "అవన్నీ ఎందుకు మేడమ్, నో అని టిక్ పెట్టేయండి" అంటాడు. పెట్టకండి. క్లెయిమ్ రోజున ఆయన ఉండడు. 2017 చట్టం మానసిక జబ్బులకు కూడా ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంటోంది, 2022 అక్టోబర్ 31 లోపు పాలసీలన్నీ దానికి తగ్గట్టు ఉండాలని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది కూడా. మీరు నిజం రాస్తే వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కొంతకాలం) పెట్టొచ్చు, ప్రీమియం కాస్త పెరగొచ్చు. దాస్తే మొత్తం పాలసీకే ఎసరు.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. నిజామాబాద్, కరీంనగర్ నుంచో, కడప, కోనసీమ నుంచో దుబాయ్ వెళుతూ బ్యాగులో ఆల్‌ప్రజోలం, క్లోనజెపామ్, ట్రమడాల్ పెట్టుకుంటే అక్కడవి నియంత్రిత మందులు, ముందుగా ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి, ప్రిస్క్రిప్షన్ చేతిలో ఉండాలి. ఇక్కడ మెడికల్ షాపులో దొరికాయి కదా అని విమానం ఎక్కేయకండి.

8. మాట బయటికి పొక్కితే

నాకు పొక్కింది. ఓ గృహప్రవేశంలో బంతిలో కూర్చుని పప్పు కలుపుకుంటుంటే ఎదురుగా ఉన్నావిడ "ఏవో మాత్రలు వాడుతున్నావటగా" అంది, పదిమంది ముందు. "అవునండీ, డాక్టర్ రాశారు, బాగానే పనిచేస్తున్నాయి, ఆ ఆవకాయ ఇలా ఇవ్వండి" అన్నాను. అంతకంటే ఎక్కువ చెబితే ఇంకో ప్రశ్న వస్తుంది, కాదంటే ఇంకో కథ పుడుతుంది. ఎవరి నోటి నుంచి వెళ్లిందో నాకు తెలుసు. ఆవిడతో ఇప్పటికీ బాగానే ఉంటాను, కాకపోతే ఆ తర్వాతి సంగతులేవీ ఆవిడకు చెప్పలేదు.

9. డోసు తగ్గించేటప్పుడు పాతవాళ్లకే మళ్లీ చెప్పండి

ఇది ఎవరూ చెప్పరు. మీకు మీరుగా ఆపకూడదన్నది తెలిసిందే, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. నాకు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించినప్పుడు ఇదేం పెద్ద విషయమని మా ఆయనకు చెప్పలేదు. మూడో రోజు నుంచి తల తిరగడం, తలలో కరెంట్ కొట్టినట్టు జివ్వుమనడం, పప్పులో ఉప్పు ఎక్కువైందన్నందుకు కంచం విసురుగా పెట్టడం. ఆయన ఆఫీసు టెన్షన్ అనుకుని రెండు వారాలు నాకు ఎదురుపడకుండా తిరిగారు. జబ్బు తిరగబెట్టిందేమోనని నేను లోపల లోపల వణికిపోయాను. ఈసారి 5 కూడా ఆపేద్దామని డాక్టర్ అన్న రోజున ఇంటికి రాగానే ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పెన్నుతో గీసి, "ఇక్కడి నుంచి నెల రోజులు నన్ను కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాను.