వేసవిలో మొదటిసారి దుబాయ్ దిగేవాళ్లకు: తొలి పది రోజుల జాగ్రత్తలు

దుబాయ్‌లో దిగిన రోజే కొత్తవాళ్లకు ఒక ధీమా వచ్చేస్తుంది. టాక్సీ డ్రైవర్ హిందీలో పలకరిస్తాడు, కొట్లో మలయాళీ ఉంటాడు, పాత బజారు ప్రాంతమైన డేరా సందుల్లో తెలుగు వినిపిస్తుంది, ఇడ్లీ దొరుకుతుంది. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడుతూ పెరిగినవాళ్లకు ఇంకా తేలిగ్గా అనిపిస్తుంది. ప్రమాదమంతా ఆ ధీమాలోనే ఉంది. మనుషులు మనవాళ్లలాగే కనిపిస్తారు. ఎండ, రోడ్డు, చట్టం మాత్రం మనవి కావు.

పెట్టె సర్దేటప్పుడు

గసగసాలు వద్దు. మన వంటింట్లో మసాలా దినుసే గానీ, దుబాయ్ ఉన్న దేశమైన యూఏఈలో అది మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తుంది, జైలు దాకా తీసుకెళ్తుంది. విడిగా తీసుకెళ్లకపోతే చాలదు. ఇంట్లో కొట్టిన కోడికూర మసాలా పొడిలో కలిపారేమో అమ్మనో, అత్తనో అడగండి. అనుమానం ఉంటే ఆ పొట్లం ఇంట్లోనే వదిలేయండి. తమలపాకులు, కిళ్లీ సామాను కూడా నిషేధమే. గుట్కా, ఖైనీ జోలికి పోవద్దు.

మందుల్లో కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు, ట్రమడాల్ నొప్పి మాత్రలు, ఆల్‌ప్రజోలం నిద్రమాత్రలు ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. యూఏఈ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. బీపీ, షుగరు మాత్రలకైనా డాక్టరు చీటీ ఉంచుకోండి, మాత్రలను వాటి అట్టల్లోనే ఉంచండి.

"మా తమ్ముడు అక్కడే ఉన్నాడు, ఈ పచ్చడి సీసా ఇచ్చేయండి" అని ఎవరైనా పార్సిల్ తెస్తే, మొహమాటపడకుండా కాదనండి. ఎంత దగ్గరి చుట్టమైనా సరే, మీ కళ్లముందు విప్పి సర్దనిది మీ పెట్టెలోకి రాకూడదు. పెట్టెలో దొరికినదానికి జవాబు చెప్పాల్సింది పెట్టె మోసుకొచ్చినవాళ్లే.

కాగితాలు

పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వీసాకు పెట్టకముందే సరిచేయించండి. ఒంటి పేరు పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. ఒడియా బడి సర్టిఫికెట్లో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉన్నవాళ్లు మన వైపు చాలామందే. ఆ తేడాలు కూడా అప్పుడే చూసుకోండి.

పనికి వెళ్తున్నవాళ్లు విజిట్ వీసా మీద ఎక్కకండి. "అక్కడికెళ్లాక మార్చేస్తాం" అనే మాట నమ్మి వెళ్లినవాళ్లకు జీతం ఎగ్గొట్టినా అడిగే హక్కు నిలబడటం కష్టం. పదో తరగతి పాసవని ఈసీఆర్ (విదేశీ పనికి ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టువాళ్లకు భారత ప్రభుత్వ పోర్టల్ ఈమైగ్రేట్ ద్వారా క్లియరెన్సు తప్పనిసరి. దాంతోపాటు 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వస్తుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు పుచ్చుకోండి.

ఎండ

విమానాశ్రయం తలుపు దాటగానే కళ్లద్దాలు మసకబారిపోతాయి. లోపలి ఏసీ చల్లదనానికీ బయటి తడిగాలికీ అంత తేడా. మన సముద్రతీరం గోపాల్‌పూర్ ఉక్కపోత చూసినవాళ్లమే కదా అనుకోవద్దు. అక్కడ సాయంత్రానికి గాలి తిరుగుతుంది. ఇక్కడ జులై, ఆగస్టుల్లో రాత్రిపూట కూడా వేడి 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

ఒళ్లు ఆ వేడికి అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. అందుకే ఎండలో పనికి తొలిరోజు మామూలు పనిలో ఐదోవంతు చేసి, రోజుకు అంతే చొప్పున పెంచుకుంటూ పోవడం సరైన పద్ధతి. ఫోర్‌మన్‌కు మొదటిరోజే ఈ మాట చెప్పండి. బలం చూపించుకోవాలని తొలి వారమే పోటీపడ్డవాళ్లే ముందుగా పడిపోతారు.

ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు నీళ్లు తాగాలి. దాహం వేసేదాకా ఆగొద్దు. అలాగని గంటకు లీటరున్నర దాటొద్దు, ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, పొద్దున్నే ఉప్పు, ఉల్లిపాయతో తినడం గదిలోనూ కుదురుతుంది. మన తరవాణి, పఖాళ అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు నేరుగా ఎండలో పని చేయించడం నిషేధం. ఆ వేళలో పని చేయమంటే కార్మిక శాఖ నంబరు 600590000కు చెప్పవచ్చు. పక్కవాడు తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్లు పోస్తూ విసరండి, 998కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇంకో చిన్న సంగతి. ట్యాంకులు మేడ మీద కాగుతుంటాయి కాబట్టి పగలు చన్నీళ్ల కుళాయిలోనూ మరిగినట్టే వస్తాయి. వేసవిలో గీజరు స్విచ్ ఆపేస్తే గది లోపలుండే ఆ తొట్టిలో నీళ్లు కాస్త చల్లబడతాయి. స్నానానికి వేడినీళ్ల కుళాయి తిప్పండి.

రోడ్డు, మెట్రో

బళ్లు కుడివైపున నడుస్తాయి. దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి. మన మెడ అలవాటుగా కుడివైపే తిరుగుతుంది, ఎదురుబడే బండి మాత్రం ఎడమ నుంచి వస్తుంది. జీబ్రా గీతలు, వంతెనలు, సబ్‌వేలు తప్ప ఎక్కడా దాటొద్దు, పట్టుబడితే 400 దిర్హాముల (అక్కడి డబ్బు) జరిమానా. గంటకు 80 కిలోమీటర్లు, ఆపైన వేగముండే రోడ్ల మీద అడ్డంగా దాటి ప్రమాదానికి కారణమైతే 2025లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం జైలు కూడా ఉంది.

మెట్రో విమానాశ్రయం టెర్మినల్ 1, 3లకే ఉంది, టెర్మినల్ 2కు లేదు. ఛార్జీ కట్టే నోల్ కార్డును ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ తాకించాలి, బస్సులోనూ అంతే. రైలు పెట్టెలో తినడం, తాగడం, ఆడవాళ్ల పెట్టెలో మగవాళ్లు ఎక్కడం, ఎక్కువ ఛార్జీ ఉండే గోల్డ్ పెట్టెలో మామూలు కార్డుతో కూర్చోవడం, వీటిలో దేనికైనా 100 దిర్హాముల జరిమానా.

ఫోన్

తెలియనివాళ్ల ఫొటో తీయొద్దు. వాట్సాప్‌లో కోపంగా పంపిన తిట్టు కూడా కేసు అవుతుంది. వాట్సాప్ కాల్స్ అక్కడ సాధారణంగా పనిచేయవు, అక్కడ పనిచేసే కాలింగ్ యాప్ బొటిమ్ ముందే వేసుకుని ఇంట్లోవాళ్లకూ వేయించండి.

మీ పాస్‌పోర్టును పని ఇచ్చిన యజమాని తన దగ్గర అట్టిపెట్టుకోవడం చట్టవిరుద్ధం. పోలీసు 999, భారత కాన్సులేట్ సహాయ కేంద్రం 800 46342. ఈ నంబర్లు కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి, ఫోన్ ఎండకు కాగి ఆగిపోతుంటుంది. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫొటోలు ఇంట్లో ఒకరికి పంపండి. మీరు మాట్లాడలేని స్థితి వస్తే వాళ్లు ఊళ్లో కూర్చునే భారత విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ మదద్‌లో ఫిర్యాదు పెట్టగలరు, దానికి ఆ పాస్‌పోర్టు నంబరు వాళ్ల దగ్గరుండాలి.