చర్యా రేటు – 2వ భాగం: కడప బండతో తూకం ప్రయోగం

ట్రౌట్జ్ (1916), లూయిస్ (1918) చెప్పిన అభిఘాత సిద్ధాంతం పోయిన భాగంలో చూశాం. కణాలు ఢీకొంటేనే సరిపోదు, తగినంత శక్తితో, సరైన దిశలో ఢీకొనాలి. ఈసారి రేటును, అంటే చర్య ఎంత వేగంగా సాగుతుందో, తూకం వేద్దాం: సున్నపురాయి మీద ఆమ్లం పడితే కార్బన్ డయాక్సైడ్ వాయువు బయటికి పోతుంది, ఆ మేరకు బరువు తగ్గుతుంది.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల పాలిష్ యూనిట్ల దగ్గర నాపరాయి (కడప బండ) తుక్కు దొరుకుతుంది. ఒక చుక్క ఆమ్లం వేస్తే బుస్సున పొంగాలి. పొంగకపోతే అది సున్నపురాయి కాదు, వదిలేయండి. 3–5 మి.మీ. ముక్కలు జల్లించి, కడిగి, ఆరబెట్టండి. కడగడం మానొద్దు: అంటుకున్న దుమ్ము ముందే చర్య జరిపి మొదటి అంకెలను పెంచేస్తుంది.

1 మోలార్ (లీటరుకి 1 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం అర లీటరుకి, 35 శాతం ఆమ్లం 44 మి.లీ. కావాలి. సగం పైన నీళ్లు తీసుకుని ఆమ్లాన్ని అందులో పోయండి, తర్వాత గీత దాకా నింపండి. ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.

0.01 గ్రా. చూపే తూకం మీద 50 మి.లీ. ఆమ్లమున్న 250 మి.లీ. శంకు కుప్పె, దూది, కాగితంలో 10 గ్రా. ముక్కలు అన్నీ కలిపి పెట్టి సున్నా చేయండి. ముక్కలు కుప్పెలో వేసి, కాగితం మళ్లీ తూకం మీదే ఉంచి, దూది వదులుగా పెట్టి గడియారం నొక్కండి. ఫ్యాన్ ఆపండి, గాలికి అంకెలు ఊగుతాయి. దూది లేకపోతే ఆమ్లం తుంపర్లు కూడా తరుగులో కలిసిపోతాయి. 30 సెకన్లకోసారి రాయండి.

ఇక్కడ రాయి ఎక్కువ, ఆమ్లం తక్కువ. 0.05 మోల్ ఆమ్లం 2.5 గ్రా. కాల్షియం కార్బొనేట్‌తో (సున్నపురాయిలోని ముఖ్య పదార్థం) సరి. వెళ్లే వాయువు 1.1 గ్రా. అందులో దాదాపు 0.07 గ్రా. నీటిలో కరిగి ఉండిపోవచ్చు. మొదటి అంకె తక్కువగా వచ్చేది అందుకే. దాన్నొక్కదాన్నే నమ్మకుండా గ్రాఫ్ గీసి, బాగా వాలిన చోట స్పర్శరేఖ గీయండి. అక్కడ 30 సెకన్లకి 0.18 గ్రా. తగ్గితే రేటు సెకనుకి 0.006 గ్రా.; కార్బన్ డయాక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 44తో భాగిస్తే 0.00014 మోల్.

ఇప్పుడు 0.5 మోలార్ ఆమ్లంతో మళ్లీ చేయండి. రాతిని తాకే అయాన్లు సగమవుతాయి, వాలు కూడా దాదాపు సగమే. చాలామంది చివరి తరుగులను పోల్చి పొరబడతారు. అవి ఆమ్లం ఎంతుందో చెబుతాయి, రేటును కాదు. ముక్కలను 1–2 మి.మీ.కి నలిపి 1 మోలార్‌తో చేస్తే చివరి తరుగు మారదు, వాలు పెరుగుతుంది. 2 సెం.మీ. ఘనం వైశాల్యం 24 చ.సెం.మీ., దాన్నే ఎనిమిది ముక్కలు చేస్తే 48. పొడి మాత్రం వేయొద్దు, నురుగు కుప్పె దాటుతుంది.

ఉష్ణోగ్రత ప్రభావానికి ఈ రాయి సరిపోదు: ఇక్కడ వేగాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఆమ్లం రాతి దాకా చేరే వేగమే. వచ్చే భాగానికి సోడియం థయోసల్ఫేట్, థర్మామీటర్ సిద్ధం చేసుకోండి.