నచ్చిన మాటనే ముందు నిలదీయాలి (అబద్ధ బోధను గుర్తుపట్టడం: మూడో పాఠం)

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందా? ఆదివారం వాక్యం చెప్పిన ఆయన ఎత్తిన ప్రతి రిఫరెన్సునూ నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. ఇంటికొచ్చాక దానికి ముందు పది వచనాలు, తర్వాత పది వచనాలు చదవమన్నాను. బెంగళూరు మారతహళ్లిలో మా శనివారం గుంపులో ఎనిమిది మందిమి ఉన్నాం. పని చేసుకొచ్చింది ముగ్గురే. మిగతావాళ్ళను అడిగితే ఒక చెల్లి అందరి తరఫునా చెప్పింది: "అక్కా, ఆయన చెప్పింది బాగానే ఉంది కదా, మళ్ళీ చూడ్డం ఎందుకు?"

ఈ పాఠమంతా ఆ మాట మీదే. మనకు నచ్చని ప్రసంగాన్ని పరీక్షించమని ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంటికెళ్ళే దారిలో ఆటోలోనే ఆ పని అయిపోతుంది. నచ్చిన ప్రసంగం దగ్గరే మన చెయ్యి బైబిల్ మీదికి వెళ్ళదు. బెరయ ఊరివాళ్ళ గురించి అపొస్తలుల కార్యములు 17:11లో చదివాం. వాళ్ళు పౌలు మాటను ఆసక్తితో అంగీకరించారు, ప్రతిరోజూ లేఖనాలు తిరగేసి అది నిజమో కాదో చూశారు కూడా. ఆ రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. పౌలంతటివాణ్ణి పరీక్షించినందుకు వాళ్ళను ఆ పుస్తకం రాసిన లూకా మెచ్చుకున్నాడు, మందలించలేదు.

ఇవాళ మనందరికీ బాగా ఇష్టమైన ఒక వచనాన్ని తీసుకుందాం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దానం కార్డులు చాలామంది బైబిళ్ళలో ఉంటాయి. నా బైబిల్ అట్టలో 2017 కార్డు ఇంకా ఉంది. అరచేతి సైజు, బంగారు రంగు అంచు, వెనక పొద్దుతిరుగుడు తోట బొమ్మ. మీద యిర్మీయా 29:11. దేవుడు నీ గురించి ఆలోచించినవి మేలు చేసే ఆలోచనలే, హాని చేసేవి కావు, రాబోయే కాలంలో నీకు నిరీక్షణ ఉంది అని దాని సారాంశం.

ఇప్పుడు కార్డు పక్కన పెట్టి బైబిల్ తెరవండి. ముందు చూడాల్సింది ఈ మాట ఎవరు ఎవరితో అన్నారన్నది. దానికి 11వ వచనం చాలదు, అధ్యాయం మొదటికి వెళ్ళాలి. ఇది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజు యెకోన్యానూ అతనితోపాటు పెద్దలనూ కంసాలులనూ శిల్పకారులనూ బబులోనుకు పట్టుకుపోయాడు. యెరూషలేములో ఉండిపోయిన యిర్మీయా ప్రవక్త వాళ్ళకు ఈ ఉత్తరం రాశాడు. దాన్ని పట్టుకెళ్ళిన ఇద్దరి పేర్లు కూడా మూడో వచనంలో ఉన్నాయి, ఎల్యాశా, గెమర్యా.

రెండోది తెలుగువాళ్ళకు చాలా తేలికైన పని. నా కార్డు మీద "నిన్నుగూర్చి" అని ఉంది. పాత తెలుగు బైబిల్‌లో చూడండి, "మిమ్మును" అని ఉంటుంది. మనం బయట పెద్దవాళ్ళను ఒక్కరినైనా "మీరు" అంటాం. ఆ అనువాదంలో అలా ఉండదు. రాజు అయినా, ప్రవక్త అయినా, చివరికి దేవుడైనా, ఒక్కరైతే దాదాపు ఎప్పుడూ "నీవు" అనే ఉంటుంది. కాబట్టి అక్కడ "మీరు" కనిపిస్తే ఎదురుగా పదిమంది ఉన్నట్టే. కార్డు వేసినవాళ్ళు చిన్న మార్పు చేశారంతే, కాని ఒక జనానికి రాసిన ఉత్తరం నా ఒక్కదాని పేరున వచ్చినట్టు అయిపోయింది. ఇకనుంచి వాగ్దానం విన్నప్పుడల్లా "నీవా, మీరా" అని చూడండి. అర నిమిషం పని.

ఇప్పుడు 5వ వచనం నుంచి. ఇళ్ళు కట్టుకుని కాపురం ఉండండి, తోటలు వేసుకుని వాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అంటున్నాడు. ఏ పట్టణం? వాళ్ళను ఎత్తుకుపోయినవాడి పట్టణం. ఊళ్ళో ఉన్న స్థలం మీదే ప్రాణం పెట్టుకుని, బెంగళూరులో పదిహేనేళ్ళున్నా "ఎప్పుడు వెళ్ళిపోదామా" అనుకునే మనలాంటివాళ్ళకు ఈ ఏడో వచనం కార్డు మీద వేయాల్సింది. (బెంగళూరును బబులోను అన్నానని మా కన్నడ ఓనరమ్మకు మాత్రం చెప్పకండి.)

పదో వచనం దగ్గర కాసేపు ఆగండి. డెబ్బయి ఏళ్ళు గడిచాక మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తానంటాడు దేవుడు. ఉత్తరం విన్నవాళ్ళలో ముప్పై ఏళ్ళవాడు ఉన్నాడనుకోండి, లెక్క వేయండి. వాడు తిరిగి యెరూషలేము చూడడు. వాడి మనవలు చూస్తారు. ఆ వాక్యం అయ్యాకే పదకొండో వచనం వస్తుంది, కార్డు మీది వచనం. అందులో ఓదార్పు నిజమే, తగ్గించి చెప్పడం లేదు. కాని అది ఈ మార్చిలోపు నెరవేరే ఓదార్పు కాదు.

మనం వెతుకుతున్నది 8, 9 వచనాల్లో ఉంది. మీ మధ్య ఉన్న ప్రవక్తల చేత మోసపోకండి, వాళ్ళు నా పేరున అబద్ధం చెబుతున్నారు, నేను వాళ్ళను పంపలేదు అని అదే ఉత్తరంలో దేవుడు చెబుతున్నాడు. అబద్ధ ప్రవక్తలను నమ్మొద్దని హెచ్చరించే ఉత్తరంలోంచి ఒక్క వాక్యం కోసి, దానితోనే మనల్ని నమ్మించేవాళ్ళున్నారు. ఇది మొదటిసారి గమనించినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ ప్రవక్తలు ఏం చెప్పి ఉంటారో ముందు అధ్యాయంలో తెలుస్తుంది. 28వ అధ్యాయం మొత్తం పదిహేడు వచనాలే, ఒకసారి పైకి చదవండి. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో నాలుగో ఏడు, ఐదో నెల. దేవాలయంలో యాజకుల ముందు, జనం ముందు హనన్యా అనే ప్రవక్త నిలబడ్డాడు. "సైన్యములకధిపతియగు యెహోవా" అంటూ యిర్మీయా ఎలా మొదలుపెడతాడో సరిగ్గా అలాగే మొదలుపెట్టాడు. రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుంది, దేవాలయం ఉపకరణాలు తిరిగొస్తాయి, చెరపోయినవాళ్ళందరూ వస్తారు అన్నాడు. మాటతీరు చూసి, గొంతు విని వీళ్ళిద్దరిలో ఎవరు అసలో ఎవరు నకిలీయో తేల్చడం ఆ రోజు ఎవరివల్లా అయ్యేది కాదు. "ఆయన ప్రార్థన చేస్తుంటే ఒళ్ళు జలదరించింది" అన్నది అందుకే పరీక్ష కాదు. హనన్యా మాట విన్నవాళ్ళకూ జలదరించే ఉంటుంది.

యిర్మీయా ఏమన్నాడు? "ఆమేన్" అన్నాడు. దేవుడు అలాగే చేయును గాక అన్నాడు. ఆయనకూ ఆ మాట నిజమైతే బాగుండుననే ఉంది. ఆ తర్వాత ఒక సూత్రం చెప్పాడు, 8, 9 వచనాలు, వీటి కింద గీత గీసుకోండి. మన కంటే ముందున్న ప్రవక్తలు యుద్ధం, కీడు, తెగులు గురించి ప్రవచించారు, క్షేమం వస్తుందని చెప్పే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతన్ని దేవుడు పంపాడని తెలుస్తుంది అన్నాడు. తీపి కబురు చెప్పేవాడే రుజువు చూపాలన్నమాట. మనం తలకిందులుగా చేస్తాం. తప్పు చూపేవాణ్ణి "ప్రేమ లేదు" అని నిలదీస్తాం, మేలు చెప్పేవాడికి మైకు ఇచ్చేస్తాం.

బబులోను ఏలుబడికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని హనన్యా తీసి జనం ముందే విరిచాడు. యిర్మీయా అప్పటికేమీ అనకుండా తన దారిన వెళ్ళిపోయాడు. దేవుడు మళ్ళీ మాట ఇచ్చాకే తిరిగొచ్చి జవాబు చెప్పాడు. ఇది కూడా రాసుకోండి. స్టేజీ మీద అప్పటికప్పుడు ఎదురు దెబ్బ కొట్టాలన్న ఆత్రం ఆయనలో లేదు. రెండేళ్ళ గడువు పెట్టిన హనన్యా ఆ ఏడే, ఏడో నెలలో చనిపోయాడు.

నా 2017 కార్డు సంగతి చెప్పాలి. అప్పుడు కె.ఆర్. పురంలో సింగిల్ బెడ్‌రూమ్‌లో ఉండేవాళ్ళం. కాస్త పెద్ద ఇంటికి మారదామని, పది నెలల అడ్వాన్సు కోసం చీటీ పాడి 90,000 దాచాం. ఆ ఏడాది రాత్రి ఆరాధన ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు ఆ వచనం చదివి, కళ్ళు మూసుకుని, "ఈ వరుసలో ఒక సహోదరికి మార్చి ముగిసేలోపు సొంతింటి తాళం, విత్తనం వేయి తల్లీ" అన్నాడు, అంటే కానుక ఇవ్వమని. ఆ వరుసలో పన్నెండు మంది ఆడవాళ్ళం. ఒక్కొక్కరం అది మన గురించే అనుకున్నాం. నేను 40,000 ఇచ్చాను. మా ఆయన వద్దన్నారు, నేను వినలేదు. ఏప్రిల్‌లో ఓనరు కొడుకు పెళ్ళి అంటూ ఇల్లు ఖాళీ చేయమన్నారు. తాళం రాలేదు సరికదా, అడ్వాన్సుకు డబ్బు చాలలేదు. పాంప్లెట్ మీది నంబరుకు ఫోన్ చేస్తే ఆయన దగ్గరుండే అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "మీ విశ్వాసం ఎక్కడో తగ్గిందమ్మా." రెండేళ్ళపాటు అది నిజమనుకున్నాను. డబ్బు పోయినదానికంటే ఎక్కువగా దానికే ఏడ్చాను.

అప్పుడు నాకు ద్వితీయోపదేశకాండము 18:22 తెలిసుంటే బాగుండేది. ప్రవక్త యెహోవా పేరున చెప్పిన మాట జరగకపోతే అది యెహోవా చెప్పింది కాదు, అతను అహంకారంతో చెప్పాడు, అతనికి భయపడకండి. అంతే ఉంది అక్కడ. విన్నవాళ్ళ విశ్వాసం ప్రస్తావనే లేదు. మాట తప్పితే పూచీ చెప్పినవాడిదే. అదే పుస్తకంలో 13వ అధ్యాయం మొదటి మూడు వచనాలు దీనికి రెండో వైపు. చెప్పిన సూచన జరిగినా సరే, అది నిన్ను వేరే దేవుళ్ళ వైపు లాగితే వినొద్దంటుంది. జరగకపోతే అబద్ధమని తేలుతుంది, జరిగినంత మాత్రాన నిజమని తేలదు. స్వస్థతలు చూపించి "ఇక ప్రశ్నలేంటి" అనేవాళ్ళకు జవాబు ఇదే.

డబ్బు గురించి అసలు పాఠం ఆరోది, అక్కడ వివరంగా చూద్దాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను, ఇల్లూ స్థలం మాట వచ్చింది కాబట్టి. యిర్మీయా 32వ అధ్యాయం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది, యిర్మీయా చెరసాల ప్రాకారంలో బందీగా ఉన్నాడు. ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ కొంటారు అని దేవుని మాట. అప్పుడాయన అనాతోతులో పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి సొంతంగా తూచి ఇచ్చాడు, సాక్షులను పెట్టాడు, దస్తావేజు మట్టి కుండలో దాయించాడు. రేపో మాపో శత్రువు చేతికి పోయే పొలం అది. తాను చెప్పిన మాట మీద తన డబ్బు పెట్టాడు. మా హాల్లో పన్నెండు మంది ఆడవాళ్ళ డబ్బు పెట్టించారు.

తొలి సంఘాలకూ ఈ తలనొప్పి ఉండేది. మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాశారని పండితులు చెప్పే డిడఖే అనే చిన్న పుస్తకం ఉంది, ఆ మాటకు బోధ అని అర్థం. 1056లో రాసిన దాని ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, పదేళ్ళకు అచ్చయింది. అందులో తిరుగుతూ వచ్చే బోధకుడి గురించి నియమాలున్నాయి. ఒక రోజు ఉంచుకోండి, అవసరమైతే రెండు, మూడో రోజూ ఉన్నాడంటే అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు తర్వాతి మజిలీ వరకు రొట్టె ఇవ్వండి, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మలో ఉండి "నాకు డబ్బివ్వండి" అంటే వినకండి, అవసరంలో ఉన్న వేరేవాళ్ళ కోసం అడిగితే మాత్రం తీర్పు తీర్చకండి. అది లేఖనం కాదు, మూడు రోజుల లెక్క మనం పట్టుకోనక్కర్లేదు. నాకు నచ్చింది చివరి మాట. ఎవరికోసం అడుగుతున్నాడో చూడమంది, అడగడమే తప్పనలేదు.

తొందరపడి మీ పాస్టర్ గారి మీదికి వెళ్ళకండి. ఒక వచనాన్ని సందర్భం లేకుండా వాడినంత మాత్రాన తోడేలు అయిపోరు, నేనూ సండేస్కూల్లో ఏళ్ళ తరబడి ఈ వచనాన్ని అలాగే నేర్పాను. తప్పు చెప్పినవాడికీ మోసం చేసేవాడికీ తేడా దిద్దినప్పుడు బయటపడుతుంది. అపొల్లో అనే బోధకుణ్ణి ప్రిస్కిల్ల, అకుల దంపతులు పక్కకు తీసుకెళ్ళి వివరించారు, ఆయన నేర్చుకున్నాడు. యిర్మీయా ఉత్తరం నచ్చని షెమయా బబులోను నుంచి ఎదురు ఉత్తరం రాసి, ఇలాంటివాళ్ళను బొండలో (కాళ్ళు బిగించే కొయ్యలో) వేయాల్సిన నువ్వు ఇతన్ని ఎందుకు గద్దించలేదు అని యాజకుణ్ణి అడిగాడు. వాళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టి చదవడం నాలుగో పాఠం.

ఈ వారం పని. ప్రశ్న అడగబోతే మనకు వినిపించే వచనం ఒకటుంది, "నా అభిషిక్తులను ముట్టకూడదు", కీర్తన 105:15. ఎనిమిదో వచనం నుంచి చదివి నోట్‌బుక్‌లో మూడింటికి జవాబు రాయండి. ఆ అభిషిక్తులు ఎవరు? ఆ మాట ఎవరిని గద్దించి అన్నది? ముట్టడం అంటే అక్కడ ప్రశ్న అడగడమా, ఇంకేదైనానా? తర్వాత మీ దగ్గరున్న ఏదో ఒక వాగ్దానం కార్డు తీసి దాన్నీ ఇలాగే చదవండి: ఎవరు ఎవరితో, నీవా మీరా, ముందు ఏముంది, ఎప్పటికి.

ఈ పని ఫోన్‌లో చేయకండి. యాప్‌లో వచనం వెతికితే అదొక్కటే వచ్చి కూర్చుంటుంది, అచ్చం కార్డులాగే. పుస్తకం తెరిస్తే పై వచనం, కింది వచనం వద్దన్నా కంటపడతాయి.