రొయ్యని తల నుంచి, జర్మన్ మాటని తోక నుంచి

మా పిన్ని కూతురు నర్సు ఉద్యోగానికని నెల్లూరులో జర్మన్ నేర్చుకుంటోంది. మొన్న రొయ్యలు ఒలుస్తుంటే వచ్చి, "పురుగు కంటికి ఇంత పొడుగు మాటేందక్కా" అని ఫోన్ చూపించింది. ఫసెటెన్‌ఔగె. ఇలాంటిది ఎదురైతే టెన్షన్ పడొద్దు, దానికి చెప్పిందే మీకూ చెప్తా.

రొయ్యకి ముందు తల తీస్తాం, జర్మన్ మాటకి ముందు తోక తీయాలి. ఇక్కడ తోక ఔగె, అంటే కన్ను. వేపచెట్టులో చెట్టు లాగా అసలు సంగతి చివర్నే ఉంటుంది. లింగం కూడా దాన్ని బట్టే: ఫసెటె స్త్రీలింగమే అయినా ఔగె నపుంసకం కాబట్టి మొత్తం మాటకి ముందు నపుంసకం గుర్తు 'దాస్' పెట్టాలి, స్త్రీలింగం గుర్తు 'దీ' కాదు.

మిగిలిన ఫసెటెన్‌లో చివరి 'న్' ఉత్త అతుకు. ఏరుకి గట్టు కలిపితే ఏరుగట్టు అనం కదా, ఏటిగట్టు అంటాం. పెన్న ఒడ్డున పెరిగినోళ్లకి ఇది ఒకరు నేర్పాలా? ఆ 'టి' లాంటిదే ఈ 'న్'. అది ఊడదీస్తే ఫసెటె, ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న సరుకు. అక్కడ ఫాస్ అంటే ముఖం, ఫసెట్ అంటే చిన్న ముఖం, సానబట్టిన వజ్రం మీద మెరిసే పలక. మొత్తం కలిపితే పలకల కన్ను. పెద్ద తూనీగలకి ఒక్కో కంట్లో 30,000 దాకా ఉంటాయి ఈ పలకలు. అన్నట్టు, కాడ మీద నల్లపూస లాగా నిలబడే రొయ్య కన్ను కూడా ఫసెటెన్‌ఔగే, కాకపోతే తూనీగవి ఆరు పక్కల పలకలు, రొయ్యవి నలుచదరం.

ఔగె మనకి కొత్తదేం కాదు. సంస్కృతం అక్షి, లాటిన్ ఓకులుస్, ఇది, మూడూ ఒకే పాత వేరు నుంచి మొలిచినవి, కాబట్టి మీనాక్షి అనే పేరులో దీని అక్కచెల్లెలు ఉంది. మన కన్ను మాత్రం వేరే ఇంటిది, తమిళ కణ్‌కి చుట్టం.

పలికేటప్పుడు జాగ్రత్త, మన నోరు ఊరుకోకుండా ఫసెటెనౌగె అని సంధి చేసేస్తుంది. ఔగె ముందు గొంతు చిన్నగా ఆపండి.

ఇంకోటి, చివర ఔగె ఉన్నదల్లా కన్ను కాదు. హ్యూనర్ అంటే కోళ్లు, కానీ హ్యూనర్‌ఔగె అంటే కాలికి కాసే ఆనెకాయ. పేషెంటు ఆ మాటంటే కోడి కోసం చూడకుండా చెప్పు విప్పించమన్నా.