తంగేడు, కసివింద, తగిరిస: పువ్వు కన్నా ఆకును చూడండి

వానలు పడ్డాక కడప జిల్లాలో లంకమల అడవి అంచున తిరిగేవారికి తంగేడు, కసివింద, తగిరిస మూడూ ఒకే రకమైన పసుపు పూలతో కనిపిస్తాయి. ఇవి ఒకే ప్రజాతికి చెందినవి కాబట్టి, నా దృష్టిలో పువ్వును బట్టి పోల్చుకోవడం వృథా ప్రయాస. ఆకు కాడ రెమ్మకు అతికిన చోటు చూడండి. అక్కడ చెవి తమ్మెల్లాంటి గుండ్రని చిన్న ఆకులు వెడల్పుగా నిలిచి ఉంటే అది తంగేడే. పూత లేని కాలంలోనూ ఈ గుర్తు పనికొస్తుంది. తంగేడు ఆకుకు సాధారణంగా 8 నుంచి 12 జతల చిరుఆకులు, ఎండితే కాగితంలా పలచబడే బల్లపరుపు కాయలు ఉంటాయి.

తగిరిసకు మూడే జతలు, వాటి కొనలు గుండ్రన. కాయ సన్నగా, పొడవుగా వంగి ఉంటుంది. కసివిందకు నాలుగైదు జతల మొనదేలిన చిరుఆకులు ఉంటాయి, కాడ మొదట్లో చిన్న బుడిపె కనిపిస్తుంది, నలిపితే వెగటు వాసన వస్తుంది. కసివింద గింజలు పిల్లలకు ప్రాణాంతకం కాగలవు కనుక, కషాయానికి తంగేడు పూలు కోసేవారు ముందుగా ఆకు మొదలు తప్పక పరిశీలించాలి.